సంఘంలో బృందాన్ని నడిపేవారు వినకూడని పది సలహాలు

సండే స్కూలు, యూత్, క్వయర్, క్రిస్మస్ కమిటీ, సువార్త బృందం. వీటిలో ఏదో ఒకదానికి మిమ్మల్ని లీడరుగా ప్రకటించిన ఆదివారం సాయంత్రానికే సలహాలు మొదలవుతాయి. చెప్పేవాళ్లు పరాయివాళ్లేం కాదు. సంఘ పెద్దలు, పాత టీచర్లు, మన మేలు కోరేవాళ్లే. పాతికేళ్ల కిందట మా గుడిలో సండే స్కూలు బాధ్యత నా చేతికి వచ్చినప్పుడు నాకూ అలాగే చెప్పారు. విన్నాను, పాటించాను. మూడేళ్లు తిరిగేసరికి పదకొండు మంది టీచర్లలో నలుగురు మిగిలారు. వెళ్లిపోయిన ఏడుగురిలో ఎవరికీ దేవుడి మీద కోపం లేదు, పిల్లల మీద విసుగూ లేదు. నా దగ్గర పనిచేయలేక వెళ్లిపోయారు.

ఆ తర్వాత బైబిలు మళ్లీ మొదటి నుంచి చదివాను, ఈసారి నాయకులు ఎలా నడిపించారో వెతుక్కుంటూ. నాకు అందిన సలహాల్లో చాలావాటిని బైబిలు ఒప్పుకోదని అప్పుడు తెలిసింది. ఆ సలహాలన్నిటి అడుగునా ఒకే పొరపాటు ఉంది. లీడరు సేవ సాగడానికే బృందం ఉందని అనుకోవడం. బృందంలో ఒక్కొక్కరూ తమ సేవ తాము చేయగలిగేలా తయారుచేయడానికే లీడరు ఉన్నాడు. కాపరులనూ బోధకులనూ దేవుడు సంఘానికి ఎందుకు ఇచ్చాడో ఎఫెసీ పత్రిక నాలుగో అధ్యాయంలో పౌలు చెప్పిన కారణం ఇదే. ఈ మాట మనసులో పెట్టుకుని కింది పదీ చదవండి.

1. "అన్నీ మీరే దగ్గరుండి చూసుకోండి, ఇంకొకరికి అప్పగిస్తే చెడిపోతుంది"

డిసెంబరులో ఈ సలహా ఎక్కువ వినిపిస్తుంది. నాటికకు పిల్లల్ని ఎంచేదీ, పాటలు నేర్పేదీ, మైకు సెట్టు అతనికి ఫోను చేసేదీ, కేకు ఆర్డరు ఇచ్చేదీ, స్టారు కట్టించేదీ ఒక్క మనిషే. ఇరవై నాలుగో తారీఖు రాత్రికి ఆ మనిషికి గొంతు పోతుంది, ఓపిక అంతకుముందే పోయి ఉంటుంది. మిగతావాళ్లు గోడవారన నిలబడి చూస్తుంటారు. వాళ్లకు పని తెలియదు, ఎవరూ చెప్పలేదు కనక.

మోషే కూడా ఇలాగే మొదలుపెట్టాడు. నిర్గమకాండము 18లో ఆయన పొద్దుట నుంచి సాయంత్రం దాకా ఒక్కడే కూర్చుని జనం తగువులు తీరుస్తుంటాడు. జనం తమ వంతు కోసం నిలబడే ఉంటారు. చూడవచ్చిన మామ యిత్రో ఈ పద్ధతి బాగాలేదని అల్లుడి ముఖం మీదే చెప్పాడు. దీనితో నీకూ అలసటే, వీళ్లకూ అలసటే అన్నాడు. మనకు మొదటి సగమే గుర్తుంటుంది. ఒక్కడే చేస్తే లీడరు అలసిపోతాడని అందరికీ తెలుసు. నిలబడి ఎదురుచూసేవాళ్లు కూడా అలసిపోతారని యిత్రో గమనించాడు. దేవునికి భయపడేవాళ్లను, లంచం ముట్టనివాళ్లను ఏరి వెయ్యిమందికి, వందమందికి, యాభైమందికి, పదిమందికి పెద్దలుగా పెట్టమన్నాడు. వాళ్లకు తేలని తగువు మాత్రమే మోషే దగ్గరికి రావాలి.

మన నేల మీదా దీనికి సాక్ష్యం ఉంది. 1878 జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఆ రోజు తన చేతులతో ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు వేసుకుని నీళ్లలోకి దిగి ఆ పని పూర్తిచేశారు. దొర ఒడ్డున ఉండి చూసుకున్నాడు. అంతా తన చేతుల మీదుగానే జరగాలని ఆయన పట్టుబట్టి ఉంటే ఆ ఆరుగురికి ఆ పని ఎప్పుడు అలవడేది?

ఇలా చేయండి: "ఆ స్టారు కట్టు" అని పురమాయించకండి. "డెకరేషన్ అంతా నీది, డబ్బు ఇంత ఉంది, ఇరవై రెండో తారీఖుకి అయిపోవాలి" అని అప్పగించండి. మధ్యలో ఒక్కసారి అడగండి. మీరు కట్టినంత బాగా కట్టకపోయినా, విప్పి మళ్లీ కట్టకండి. ఆ ఒక్క పనితో వచ్చే ఏడాదికి మీకు మనిషి లేకుండా పోతాడు.

2. "అభిషిక్తుణ్ణి ప్రశ్నించకూడదని మీవాళ్లకు గట్టిగా చెప్పండి"

105వ కీర్తనలోని "నేను అభిషేకించినవారిని ముట్టకూడదు" అన్న మాట నుంచి తీసిన సలహా ఇది. అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు కొద్దిమందిగా, పరదేశులుగా దేశాలు పట్టుకు తిరుగుతున్నప్పుడు రాజులు వాళ్లకు హాని చేయకుండా దేవుడు ఎలా కాపాడాడో ఆ కీర్తన చెబుతుంది. సైన్యమూ సింహాసనమూ ఉన్నవాళ్ల నుంచి, ఏమీ లేనివాళ్లకు దేవుడు ఇచ్చిన రక్షణ అది. ఆ మాటనే తీసి, మైకూ బీరువా తాళాలూ చేతిలో ఉన్న మనిషికి కవచంగా తొడిగి, ఒక ప్రశ్న అడిగిన పద్దెనిమిదేళ్ల పిల్ల మీదికి తిప్పడం వాక్యాన్ని తలకిందులు చేయడమే.

దావీదు ఏన్‌గెదీ గుహలో సౌలును చంపలేదు, నిజమే. కానీ గుహ బయటికి వచ్చి, తనను ఎందుకు తరుముతున్నావని ఆ రాజునే గొంతెత్తి అడిగాడు. ఆ దావీదు రాజయ్యాక ఊరియా విషయంలో పాపం చేస్తే నాతాను వెళ్లి నిలదీశాడు. దావీదు అతణ్ణి చెరసాలలో వేయించలేదు, తప్పు ఒప్పుకున్నాడు. అంతియొకయలో పేతురు అన్యజనులతో కలిసి తినడం మానేస్తే పౌలు అందరి ముందూ తప్పు పట్టాడు. ఆ సంగతి గలతీ పత్రికలో రాసి పెట్టాడు కూడా. దావీదుకు, పేతురుకు తప్పని ప్రశ్న మన కమిటీ లీడర్లకు తప్పాలా?

ఇలా చేయండి: మీటింగులో మీ అభిప్రాయం చివర్న చెప్పండి. అందరికన్నా చిన్నవాళ్లను ముందు అడగండి. లీడరు ముందే తేల్చేస్తే తర్వాత వచ్చేవన్నీ తలూపులే. ఎవరైనా ప్రశ్న వేస్తే ఆ వారంలోపు జవాబు చెప్పండి, తెలియకపోతే తెలియదనైనా చెప్పండి. డబ్బు విషయంలోగానీ పిల్లల భద్రత విషయంలోగానీ మీ మీద ఫిర్యాదు వస్తే దాన్ని విచారించేది మీరు కాకూడదు. అలాంటప్పుడు ఎవరి దగ్గరికి వెళ్లాలో, మీరు కాక ఇంకో ఇద్దరి పేర్లు మొదటి మీటింగులోనే అందరికీ చెప్పేయండి.

3. "కొంచెం భయం పెడితేనే మాట వింటారు"

సొలొమోను కొడుకు రెహబాము ఈ సలహా విన్నాడు. 1 రాజులు 12లో ఆ కథ ఉంది. తండ్రి మోపిన బరువు తగ్గించమని జనం షెకెములో అడిగారు. అతడు మూడు రోజుల గడువు తీసుకున్నాడు. తండ్రి కొలువులో పండిపోయిన పెద్దలు, ఈ జనానికి సేవకుడిలా ఉంటే ఎప్పటికీ నీవాళ్లే అవుతారని చెప్పారు. తనతో కలిసి పెరిగిన కుర్రాళ్లు ఇంకా బిగించమన్నారు. అతడు కుర్రాళ్ల మాట విన్నాడు. పన్నెండు గోత్రాల్లో పది విడిపోయాయి. వెట్టిపనుల మీద అధికారిని పంపితే జనం రాళ్లతో కొట్టి చంపారు. రాజు రథమెక్కి యెరూషలేముకు పారిపోయాడు.

నా రాజ్యం చిన్నదే. కానీ నేనూ ఒకసారి అలాగే పోగొట్టుకున్నాను. క్రిస్మస్ ప్రాక్టీసుకు పదో తరగతి పిల్ల ఒకతి వరసగా మూడు రోజులు ఆలస్యంగా వచ్చింది. నలభై మంది పిల్లల ముందు, దేవుడి పని అంటే లెక్క లేదా అని అరిచాను. ఆ పిల్ల తల దించుకుని ఒక్క మాటే అంది. "అక్కా, అమ్మకి నైట్ డ్యూటీ, తమ్ముళ్లకి అన్నం పెట్టి వస్తున్నా." ఆ ఏడు దేవదూత వేషం వేయాల్సింది ఆమె. మర్నాటి నుంచి రాలేదు. ఏడాది తర్వాత వాళ్లింటికి వెళ్లి క్షమించమని అడిగాను. క్షమించింది. ప్రాక్టీసుకు మాత్రం తిరిగి రాలేదు.

తప్పు కనిపిస్తే ఏం చేయాలో మత్తయి 18లో యేసు చెప్పిన వరస ఉంది. మొదట ఇద్దరూ ఒంటరిగా ఉన్నప్పుడు మాట్లాడాలి. వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుని వెళ్లాలి. అప్పటికీ కాకపోతేనే సంఘం ముందుకు. మనం చివరి మెట్టుతో మొదలుపెడతాం. మందలించే ముందు "ఏమైంది?" అని అడగండి. నేను ఆ ఒక్క ప్రశ్న అడగలేదు.

4. "దేవుని పనిలో అలసిపోయానని అనకూడదు, అది విశ్వాసం లేని మాట"

ఏలీయాకు విశ్వాసం లేదని ఎవరూ అనరు. కర్మెలు కొండ మీద బయలు ప్రవక్తల ముందు నిలిచిన మనిషి ఆయన. ఆ గెలుపు వెంటనే యెజెబెలు బెదిరింపు విని పారిపోయి, అరణ్యంలో బదరీ చెట్టు కింద కూలబడి, ఇక చచ్చిపోతే బాగుండునని అడిగాడు. అప్పుడు దేవదూత వచ్చి ప్రసంగం చేయలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, కూజాలో నీళ్లు చూపించి తినమన్నాడు. ఏలీయా తిని మళ్లీ పడుకున్నాడు. దూత రెండోసారి లేపి మళ్లీ తినమన్నాడు, ఇంకా చాలా దూరం నడవాలి కనక. హోరేబు కొండకు చేరాకే దేవుడు ఆయనతో పని సంగతి మాట్లాడాడు. ఆ పనిలో భాగంగా ఆయన స్థానానికి ఎలీషాను కూడా చూపించాడు. ముందు తిండి, నిద్ర, తర్వాత పని, పనిలో తోడు. దేవుడు పాటించిన వరస అది.

శిష్యులు ఊళ్లు తిరిగి వచ్చి, తినడానికైనా తీరిక లేక ఉన్నప్పుడు యేసు వాళ్లను ఏకాంత స్థలానికి పిలిచి కాస్త సేదదీరమన్నాడని మార్కు ఆరో అధ్యాయంలో ఉంది.

మన బృందంలో ఉన్నవాళ్లు జీతగాళ్లు కారు. వారంలో ఆరు రోజులు షాపులో నిలబడో, నర్సుగా షిఫ్టులు చేసో, కాలేజీ బస్సులో రెండు గంటలు ప్రయాణం చేసో ఏడో రోజు మనకు ఇస్తున్నారు. కనక:

ఏడాదిలో ఒక నెల ప్రతి సభ్యుడికీ సెలవు ఇవ్వండి. ఆ నెల వాళ్లు బెంచీ మీద కూర్చుని ఆరాధన చేసుకోనివ్వండి.

సాయంత్రం మీటింగు ముగిసే వేళ ముందే చెప్పి, ఆ వేళకే ముగించండి. ఆడపిల్లలకు ఆఖరి బస్సు ఎప్పుడో తెలుసుకుని దాన్నిబట్టి వేళ పెట్టండి.

మీటింగు మొదట్లో టీ, బిస్కెట్లు ఇవ్వండి. ఆఖర్న ఇస్తే ఆకలితో గంటసేపు ప్రార్థించమన్నట్టే.

"ఈ నెల నావల్ల కాదు" అన్న మనిషిని కారణం చెప్పమని నిలదీయకండి. సరేనని, ఆ వారంలో ఒకసారి ఫోను చేయండి.

5. "గిఫ్టులు పెట్టండి, దానికోసమైనా వస్తారు"

వస్తారు. గిఫ్టు ఆగిన రోజు వాళ్లూ ఆగుతారు. మళ్లీ రప్పించడానికి మరింత పెద్ద గిఫ్టు కావాలి.

ఇదివరకు చెప్పిన జాన్ క్లౌ ఎదుట ఇంతకన్నా కఠినమైన పరీక్ష నిలిచింది. 1876 నుంచి 1878 వరకు దక్షిణ దేశాన్ని కాల్చేసిన కరువులో ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ల పనిని కాంట్రాక్టు తీసుకున్నాడు. ఆకలితో ఉన్నవాళ్లకు కూలి దొరకాలని, బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. వేల మంది ఆ పనిమీద బతికారు. ఎందరో బాప్తిస్మం అడిగారు. సాయం నడిచినంత కాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం వచ్చినవాళ్లెవరో, నమ్మి వచ్చినవాళ్లెవరో తేలాలని. వెల్లంపల్లి దగ్గర నదిలో దిగిన ఆ 2,222 మంది ఆ నిరీక్షణ తర్వాత వచ్చినవాళ్లు.

మనిషిని నిలబెట్టేది తన పనిని ఒకరు చూశారన్న సంగతి. పొగిడితే గర్వం వస్తుందని భయపెట్టేవాళ్లు రోమా పత్రిక చివరి అధ్యాయం తెరవాలి. పౌలు అక్కడ ఇరవై మందికి పైగా పేరుపేరునా తలచుకుంటాడు. ఎవరు తనకోసం ప్రాణానికి తెగించారో, ఎవరు ఎంత ప్రయాసపడ్డారో చెబుతాడు. మీరూ అలాగే చెప్పండి. "అందరికీ వందనాలు" అంటే ఎవరికీ అందదు. "మూడో తరగతి పిల్లాడికి చదవడం రాదని కనిపెట్టి, వచనం వాడికి బొమ్మలు గీసి నేర్పావు, చూశాను" అంటే ఆ టీచరుకు జన్మంతా గుర్తుంటుంది.

6. "ఒకసారి మధ్యలో వదిలేసిన మనిషిని మళ్లీ చేర్చుకోవద్దు"

పౌలు, బర్నబా కలిసి చేసిన మొదటి ప్రయాణంలో, మార్కు అనే మారుపేరున్న యోహాను పంఫూలియాలో వాళ్లను విడిచి వెనక్కి వెళ్లిపోయాడు. రెండోసారి అతణ్ణి తీసుకెళ్దామని బర్నబా అంటే పౌలు వద్దన్నాడు. ఆ మాట మీద ఇద్దరూ విడిపోయారు. బర్నబా మార్కును తీసుకుని కుప్రకు ఓడెక్కాడు. ఏళ్లు గడిచాక, చెరలో ఉన్న పౌలు తిమోతికి రాసిన రెండో పత్రికలో మార్కును వెంటబెట్టుకు రమ్మన్నాడు, పరిచర్యకు అతడు పనికొస్తాడని. రెండో సువార్తను సంఘం ఈ మార్కు పేరు మీదే చదువుతోంది. బర్నబా లేకపోతే ఆ కుర్రాడు ఏమైపోయేవాడో ఆలోచించండి.

వదిలేసిన మనిషి తిరిగి వస్తే మొదటి రోజే మైకు ఇవ్వనక్కర్లేదు, బెంచీ చివర కూర్చోబెట్టి శిక్షించనూ అక్కర్లేదు. ఇద్దరు కలిసి చేసే పనిలో ఒక నమ్మకస్థుడి పక్కన పెట్టండి. పాత సంగతి మీటింగులో ఎత్తకండి.

7. "గొణుగుడు సైతాను పని, పట్టించుకుంటే పెరుగుతుంది"

అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం గొణుగుడుతోనే మొదలవుతుంది. రోజూ పంచే భోజనంలో గ్రీకు భాష మాట్లాడే విధవరాళ్లను చిన్నచూపు చూస్తున్నారని ఫిర్యాదు వచ్చింది. అపొస్తలులు దాన్ని ఆత్మీయత తక్కువై వచ్చిన రొదగా కొట్టిపారేయలేదు. అందరినీ పిలిచి, ఏడుగురిని ఎంచుకోమన్నారు. ఆ ఏడుగురి పేర్లు చదవండి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడూ గ్రీకు పేర్లే. అన్యాయం జరిగిందన్న వైపువాళ్ల చేతికే పంపకం వెళ్లింది. ఆ తర్వాత శిష్యుల సంఖ్య పెరిగిందని అదే అధ్యాయం చెబుతుంది.

మన సంఘాల్లో గొణుగుడు చాలాసార్లు కులం దగ్గర పుడుతుంది. ఈ మాట రాయడానికి నాకు బాధగా ఉంది, రాయకపోతే అబద్ధమవుతుంది. ఒకే గుడిలో రెండు పేటలవాళ్లుంటే మైకు ఒక పేటకూ చీపురు ఒక పేటకూ వెళ్తుంది. పాట ఎవరు ఎత్తాలో, నాటికలో మరియ ఎవరో, కానుక సంచి ఎవరు పట్టాలో చెప్పకుండానే తేలిపోతుంది. దోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య ఈ గోడతో జీవితమంతా పోరాడారు. తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడాయన. 1909లో దోర్నకల్‌కు వచ్చి తెలుగు నేర్చుకున్నారు, 1912లో ఆంగ్లికన్ సంఘానికి మొదటి భారతీయ బిషప్ అయ్యారు. తన మేత్రాసనంలో మాలలకూ మాదిగలకూ మధ్య గోడ నిలిచి ఉంటే సువార్తకే అవమానమని నమ్మారు. 1910లో ఎడిన్‌బరో మహాసభలో ఆయన మాట్లాడింది కూడా ఇలాంటి దూరం గురించే. విదేశీ మిషనరీలు ఎన్నో త్యాగాలు చేశారని ఒప్పుకుంటూనే, భారతీయ సేవకులతో స్నేహంగా మెలగడం లేదని వాళ్ల ఎదుటే చెప్పి, ఆ స్నేహాన్ని అడిగారు. సభలో కొందరికి కోపం వచ్చింది. ఆ మాట మాత్రం నూరేళ్లు దాటినా నిలిచింది.

ఇలా చేయండి: మీ బృందం పేర్లు ఒక కాగితం మీద రాసి, ఎవరు ఏ పేట, ఏ పని అని పక్కన రాయండి. కంటికి కనిపించే పనులన్నీ ఒకవైపు, కనిపించని పనులన్నీ ఇంకోవైపు ఉన్నాయేమో చూడండి. ఉంటే వచ్చే ఆదివారమే మార్చండి. గొణిగిన మనిషిని చెడ్డవాడిగా చూడకండి. బయటికి చెప్పాడు కనక మీకు తెలిసింది.

8. "ఆడవాళ్లకు వంట, తోరణాలు అప్పగించండి, మిగతాది మగవాళ్లు చూసుకుంటారు"

యెరూషలేము ప్రాకారం కట్టినవాళ్ల జాబితాలో, నెహెమ్యా మూడో అధ్యాయంలో, షల్లూమూ అతని కుమార్తెలూ కలిసి తమ వంతు కట్టారని ఉంది. అదే అధ్యాయంలో తెకోవ ఊరి పెద్దమనుషులు పనికి మెడ వంచలేదని కూడా ఉంది. ఎవరు చేశారో, ఎవరు తప్పుకున్నారో రెండూ దాచకుండా రాశారు. రోమా పత్రిక చివరి అధ్యాయంలో పౌలు మొదట తలచిన పేరు ఫీబే, కెంక్రేయ సంఘ పరిచారకురాలు. మీ లెక్కలు రాయడంలో, ప్రయాణాలు ఏర్పాటు చేయడంలో, వాక్యం చెప్పడంలో వరం ఉన్న స్త్రీ ప్రతి క్రిస్మస్‌కూ బిర్యానీ గిన్నె దగ్గరే కనిపిస్తుంటే, దేవుడిచ్చిన వరాన్ని మీరు పొయ్యి మీద పెట్టారు.

9. "దేవుని డబ్బుకు దేవుడే లెక్క, రసీదులు అవిశ్వాసం"

యెరూషలేము పేదల కోసం కానుక పోగుచేసి తీసుకెళ్లేటప్పుడు పౌలు ఒక్కడే ఆ డబ్బు మోయలేదు. సంఘాలు ఏర్పరిచిన మనిషిని తోడు తీసుకున్నాడు. ప్రభువు ముందే కాక మనుషుల ముందు కూడా మచ్చ లేకుండా ఉండాలని 2 కొరింథీ ఎనిమిదో అధ్యాయంలో కారణం రాశాడు. నెహెమ్యా పన్నెండేళ్లు అధిపతిగా ఉండి కూడా అధిపతికి రావలసిన భత్యం తీసుకోలేదు. ఆ భారం జనం మీద పడుతుందని. ఆయన పిలిస్తే జనం ఎందుకు వచ్చారో, ప్రాకారం యాభై రెండు రోజుల్లో ఎలా లేచిందో ఈ సంగతి కూడా చెబుతుంది.

కానుక ఇద్దరు కలిసి లెక్కపెట్టాలి. ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకూడదు. సంచి తెరిచిన చోటే పుస్తకంలో రాసి ఇద్దరూ సంతకం చేయాలి. ఫోన్‌పే, గూగుల్‌పే కానుకలు లీడరు సొంత నంబరుకు రాకూడదు. క్రిస్మస్ ఖర్చుల చిట్టా జనవరి మొదటి ఆదివారానికి నోటీసు బోర్డు మీద ఉండాలి. నిజాయితీపరుణ్ణి రసీదు అవమానించదు, కాపాడుతుంది.

10. "మీ స్థానం ఎవరికీ ఇవ్వకండి, మీ తర్వాత మీ అబ్బాయికే"

సమూయేలు అంతటి ప్రవక్త తన కొడుకులిద్దరినీ న్యాయాధిపతులుగా పెట్టాడు. వాళ్లు లంచాలు తిన్నారు. ఇశ్రాయేలు పెద్దలు వచ్చి, మాకు రాజు కావాలని అడగడానికి దాన్నే కారణంగా చూపించారు. మోషేకూ ఇద్దరు కొడుకులున్నారు, గెర్షోము, ఎలీయెజెరు. తన కాలం ముగుస్తోందని తెలిసినప్పుడు, ఈ జనం కాపరి లేని గొర్రెల్లా అవకూడదని, ఒకరిని నియమించమని దేవుణ్ణే అడిగాడు. దేవుడు ఎఫ్రాయిము గోత్రంవాడైన యెహోషువను చూపించాడు. మోషే అందరి ముందూ అతడి మీద చేతులుంచాడు. తాను బతికుండగానే తన ఘనతలో కొంత అతడికి పంచాడు. సంఖ్యాకాండము 27లో చదవండి. అంతకుముందు ఎల్దాదు, మేదాదు పాళెంలో ప్రవచిస్తున్నారని, వాళ్లను ఆపమని మోషేను తొందరపెట్టింది ఈ యెహోషువే. నా కోసం నీకు అసూయా అని మోషే అతణ్ణి మందలించాడు. దేవుని ప్రజలందరూ ప్రవక్తలైతే బాగుండునని కోరుకున్న మనిషి ఆయన.

బిషప్ అజరయ్య బాప్తిస్మం పొందినవాళ్లను తమ చేయి తమ నెత్తిన పెట్టుకుని, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అన్న అర్థంలో పౌలు మాటను పలకమనేవారు. చదువు రాని కూలీ అయినా సరే, నిన్ననే నమ్మినవాడైనా సరే. సేవ బిషప్ సొత్తు అని ఆయన అనుకోలేదు. 1945 జనవరి 1న ఆయన కన్నుమూసేనాటికి ఆ మేత్రాసనంలో ఎన్నో పల్లెల్లో తెలుగు గురువులు, ఉపదేశకులు ఉన్నారు.

ఇలా చేయండి: బాధ్యత తీసుకున్న మొదటి ఏడాదిలోనే ఇద్దరిని పక్కన పెట్టుకోండి. మొదట మీరు చేస్తుంటే వాళ్లు చూడాలి. తర్వాత కలిసి చేయాలి. తర్వాత వాళ్లు చేస్తుంటే మీరు చూడాలి. చివరికి వాళ్లు చేస్తున్నప్పుడు మీరు ఇంకో గదిలో ఉండాలి. మీ గడువు ఇన్నేళ్లని ముందే చెప్పి, ఆ రోజు రాగానే తాళాలు, లెక్కల పుస్తకం, ఫోన్ నంబర్ల జాబితా అప్పగించండి. తర్వాత ఆరు నెలలు, అడిగితే తప్ప సలహా ఇవ్వకండి.

నేను సండే స్కూలు అప్పగించి నాలుగేళ్లయింది. ఇప్పుడు నడిపే అమ్మాయి నేను చేసినట్టు చేయడం లేదు. పాటలు మార్చింది, హాజరు పుస్తకం తీసేసింది, పిల్లల్ని కింద చాపల మీద గుండ్రంగా కూర్చోబెడుతోంది. టీచర్లు పదిహేడు మంది ఉన్నారు.

మీ చేతిలో ఇప్పుడు బృందం ఉంటే ఒక్క పని చేయండి. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి, "నా దగ్గర పనిచేయడం నీకు ఎక్కడ కష్టంగా ఉంది?" అని అడగండి. జవాబు వచ్చేటప్పుడు అడ్డు రాకండి, సమర్థించుకోకండి. ఇంటికి వెళ్లి రాసుకోండి. యేసు తువాలు నడుముకు కట్టుకుని శిష్యుల పాదాలు కడిగి, మీరూ ఇలాగే చేయాలని చెప్పాడు. ఆయన మనకు అప్పగించిన నాయకత్వం అంతే.